ఆ వాసన మనిషిది కాదు

మూత్రం ఆపుకోలేని పెద్దల గుడ్డలకు పట్టే కంపు వెనుక ఉన్నది చాలావరకు ఆలస్యమే. దాన్ని వదిలించే పద్ధతి ఎవరికైనా అందేదే. అందుకు కావాల్సిన నీళ్లు, ఎండ, చేతులే ఎవరి లెక్కలోనూ లేవు.

కొన్ని ఇళ్లలో అగరువత్తి దేవుడి కోసం వెలగదు, కాలింగ్ బెల్ మోగితే వెలుగుతుంది. ముందు గదిలో అగరువత్తి, వరండాలో ఫినాయిల్, కిటికీకి వేలాడే సువాసన బిళ్ల. వచ్చిన చుట్టాలు కాఫీ తాగి వెళ్లేదాకా లోపలి గది తలుపు ఓరగా మూసే ఉంటుంది. ఆ గదిలో మంచం మీద కూర్చున్న పెద్దావిడకు ఈ హడావుడి అంతా ఎందుకో తెలుసు. మొదట ఆమె పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తుంది. తర్వాత గుడికి. ఆపైన మనవడి పక్కన కూర్చోవడం కూడా. చివరికి మధ్యాహ్నం భోజనంలో గుక్కెడు తప్ప మంచినీళ్లు ముట్టదు.

ఈ కథకు ఊరూ పేరూ అక్కర్లేదు. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లోనూ, లక్నోలోని పాత ఇంట్లోనూ, గుంటూరు పక్క పల్లెలోనూ ఇది ఒకేలా సాగుతుంది. మూత్రం ఆపుకోలేకపోవడం గురించి మాట్లాడటానికే నోరు రాని సమాజంలో, ఆ గుడ్డల్ని ఎలా ఉతకాలో మాట్లాడేవారు ఎక్కడి నుంచి వస్తారు? తల్లి నుంచి కూతురికి వంట వస్తుంది, పచ్చళ్లు పట్టడం వస్తుంది. ఈ పని మాత్రం ఎవరికి వారు తలుపు వేసుకుని నేర్చుకోవాల్సిందే. చాలామంది తప్పుగా నేర్చుకుంటారు. గుడ్డలు ఉతుకుతూనే ఉంటారు, వాసన వస్తూనే ఉంటుంది. ఆరు నెలలు గడిచేసరికి ఆ వాసన గుడ్డదన్న సంగతి అందరూ మరిచిపోతారు. అది ఆ మనిషిదే అయిపోతుంది.

ఇది ఏదో కొద్దిమంది గోడు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారమే దేశంలో 60 ఏళ్లు దాటినవారు దాదాపు 10.4 కోట్లు. 2050 నాటికి వారు 34.7 కోట్లకు చేరతారనీ, అప్పటికి ప్రతి ఐదుగురిలో ఒకరు వృద్ధులేననీ ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో విడుదల చేసిన నివేదిక అంచనా వేసింది. వీరందరికీ ఈ సమస్య ఉండదు. కానీ వయసుతోపాటు ఇది పెరుగుతుంది. కాన్పుల తర్వాత, ముట్లుడిగాక స్త్రీలలో కటి కండరాలు సడలుతాయి. పురుషులకు ప్రోస్టేట్ గ్రంథి వాచి అడ్డుపడుతుంది. చక్కెర వ్యాధి, పక్షవాతం, పార్కిన్సన్స్, మతిమరుపు జబ్బు తోడైతే చెప్పనే అక్కర్లేదు. మూత్రాశయం బాగానే ఉన్నా, మోకాళ్ల నొప్పులతో లేచి మరుగుదొడ్డి దాకా వెళ్లేలోపే జరగాల్సింది జరిగిపోయేవారూ ఉన్నారు.

జపాన్ ఈ దారిలో చాలా ముందుంది. అక్కడి కాగితపు దిగ్గజం ఓజీ హోల్డింగ్స్ స్వదేశంలో పసిపిల్లల డైపర్ల తయారీని ఆపేసి పెద్దల డైపర్ల మీదే దృష్టి పెడుతున్నట్టు 2024లో ప్రకటించింది. భారత్‌లోనూ పెద్దల డైపర్లు మందుల షాపుల్లో ముందు వరుసలోకి వచ్చేశాయి. అయితే ఒక్కోటి సుమారు 30 నుంచి 50 రూపాయలు. రోజుకు 3 చొప్పున వాడినా నెలకు 2,700 నుంచి 4,500 రూపాయలు. ఇందిరా గాంధీ జాతీయ వృద్ధాప్య పింఛను పథకం కింద కేంద్రం ఇచ్చే వాటా 79 ఏళ్ల దాకా నెలకు 200 రూపాయలు, 80 దాటితే 500. రాష్ట్రాలు దానికి తమ వాటా కలుపుతాయి. తెలంగాణ 2019లో వృద్ధాప్య పింఛనును 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000 రూపాయలకు పెంచాయి. అంటే మన రెండు రాష్ట్రాల్లోనూ పింఛను మొత్తం డైపర్లకే పోయినా ఒకచోట నెల గడవదు, ఇంకోచోట గడిచినా చేతిలో మిగిలేది అంతంతే.

అందుకే ఎక్కువ ఇళ్లు గుడ్డనే నమ్ముకుంటాయి. పాత నేత చీరలు, పంచెలు మడిచి వాడేవారు కొందరు. మధ్యలో పీల్చే పొరలు, అడుగున నీరు దిగని పొర కుట్టిన లోదుస్తులు కొని ఉతికి వాడేవారు ఇంకొందరు. గుడ్డలో డబ్బు కలిసొస్తుంది. మే నెల ఉక్కలో ప్లాస్టిక్ ఒరిపిడి తగ్గుతుంది. చెత్త బుట్ట కూడా తేలికపడుతుంది. వాడిన డైపర్లను విడిగా చుట్టి ఇవ్వాలనీ, చుట్టడానికి సంచిని తయారీదారే సమకూర్చాలనీ 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు చెప్పాయి. అది ఎంతవరకు అమలైందో వీధి చివర చెత్తకుండీ దగ్గర నిలబడితే తెలుస్తుంది. గుడ్డకు ఇన్ని గుణాలున్నాయి. ఉన్న దోషం ఒక్కటే, వాసన.

ఆ వాసన ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే సగం పని అయినట్టే. మూత్రంలో దాదాపు 95 శాతం నీరే. మిగిలినదాంట్లో ముఖ్యమైనది యూరియా. పొలానికి చల్లే యూరియా, ఇదీ రసాయనికంగా ఒకటే. ఆరోగ్యంగా ఉన్నవారి మూత్రానికి అప్పటికప్పుడు పెద్దగా వాసన ఉండదు. చర్మం మీదా గుడ్డ మీదా ఉండే కొన్ని బాక్టీరియాలు యూరియేజ్ అనే ఎంజైమ్‌ను తయారు చేస్తాయి. అది యూరియాను విడగొడితే అమ్మోనియా పుడుతుంది. ముక్కుపుటాలు అదిరే ఘాటు దానిదే. ఇందుకు తడి, వెచ్చదనం, కొన్ని గంటల సమయం ఉంటే చాలు. మూత మూసిన బకెట్‌లో పొద్దుటి దాకా వదిలేసిన గుడ్డకు ఈ మూడూ పుష్కలంగా దొరుకుతాయి.

ఒకప్పుడు ఈ ఘాటుకే గిరాకీ ఉండేది. ప్రాచీన రోమ్‌లో బట్టలు ఉతికేవారు నిలవబెట్టిన మూత్రాన్నే జిడ్డు వదిలించడానికి వాడేవారు. వెస్పాసియన్ చక్రవర్తి దానిమీద పన్ను వేస్తే కొడుకు టైటస్ ఈసడించుకున్నాడనీ, తండ్రి ఆ పన్ను తాలూకు నాణేన్ని అతని ముక్కు దగ్గర పెట్టి వాసన వస్తోందా అని అడిగాడనీ చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. ఖజానాకు చేరిన సొమ్ముకు వాసన లేకపోవచ్చు. ఇంట్లో దండెం మీది గుడ్డకు ఆ సౌకర్యం లేదు.

అమ్మోనియా ఆవిరైపోయే వాయువు, గాలికి పోతుంది. మరి ఉతికి ఆరేసిన గుడ్డ కూడా కట్టుకున్న పది నిమిషాలకే ఎందుకు కంపు కొడుతుంది? అసలు చిక్కు ఇక్కడే ఉంది. అమ్మోనియా పెరిగేకొద్దీ మూత్రం క్షారంగా మారుతుంది. అప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం ఫాస్ఫేట్లు కరగకుండా పోగుల మధ్య పేరుకుంటాయి. పళ్లకు గార పట్టినట్టు అన్నమాట. బస్టాండ్ మూత్రశాలల్లో గోడకు పట్టే పసుపు పొలుసు కూడా ఇలాంటిదే. బోరు నీళ్లతో ఉతికే ఇళ్లలో ఆ నీటిలోని కాల్షియం దీనికి తోడవుతుంది. సబ్బు బిళ్ల వాడితే ఆ నీళ్లలో నురగకు బదులు తెట్టు కట్టి అదీ గుడ్డలోనే దిగుతుంది. ఈ పొరల చాటున బాక్టీరియాలు, పాత మురికి భద్రంగా ఉండిపోతాయి. గుడ్డ ఎండినప్పుడు ఏ వాసనా రాదు. తడి తగిలి ఒంటి వేడి అందగానే మళ్లీ లేస్తుంది. ఇల్లాలు ఉతకలేదని అత్తగారూ, అత్తగారు చెప్పడం లేదని ఇల్లాలూ అనుకునేది ఈ పది నిమిషాల దగ్గరే.

గుడ్డ రకానికీ ఇందులో పాత్ర ఉంది. చెమటతో తడిసిన టీషర్టుల మీద బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2014లో వెలువడింది. నూలు కంటే పాలియెస్టరే ఎక్కువ కంపు కొడుతుందనీ, వాసన పుట్టించే కొన్ని బాక్టీరియాలు దానిమీద బాగా పెరుగుతాయనీ అది తేల్చింది. చెమట వేరు, మూత్రం వేరు. అయినా జిడ్డును పట్టుకుని వదలని పాలియెస్టర్ స్వభావం రెండుచోట్లా ఒకటే. మెత్తగా ఉందని మైక్రోఫైబర్ పొరలు కొనేవారు ఈ సంగతి గుర్తుంచుకోవడం మంచిది. పాత నేత చీర తొందరగా పీల్చకపోయినా తొందరగా శుభ్రపడుతుంది.

ఇళ్లలో చేసే తప్పులు లెక్కపెడితే నాలుగైదుకు మించవు. మొదటిది నానబెట్టడం. రోజంతా పోగైన గుడ్డల్ని మామూలు నీళ్లలో నానేసి మర్నాడు ఉతకడం శుభ్రత అనుకుంటారు. నిజానికి అది బాక్టీరియాల పెంపకం. రెండోది ఎసరు పెట్టినంత వేడి నీళ్లు ముందే పోసేయడం. మలం, రక్తం అంటిన గుడ్డలో మాంసకృత్తులు ఆ వేడికి గట్టిపడి పోగుల్లో దిగిపోతాయి. మూడోది సువాసన. పరిమళాల డిటర్జెంట్, యాంటీసెప్టిక్ ద్రావణం, చివర్లో మెత్తదనానికి వేసే కండిషనర్. మొదటిది కంపును కప్పుతుంది. రెండోది కొన్ని క్రిముల్ని చంపినా పేరుకున్న గారను కదల్చలేదు. మూడోది పోగులకు జిడ్డు పొర పట్టించి గుడ్డ పీల్చే గుణాన్నే చెడగొడుతుంది. నాలుగోది వంట సోడా, వెనిగర్ కలిపి పోయడం. బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి చంపుకుని మిగిలేది దాదాపు ఉప్పు నీళ్లే.

ఐదో తప్పు ప్రమాదకరమైనది. వాసన భరించలేక మూత్రంతో తడిసిన గుడ్డల మీద నేరుగా బ్లీచ్ గానీ, బ్లీచింగ్ పౌడర్ నీళ్లు గానీ పోస్తారు. క్లోరిన్ బ్లీచ్ అమ్మోనియాతో కలిస్తే క్లోరమిన్ అనే విష వాయువులు పుడతాయి. అదే బ్లీచ్ వెనిగర్‌తోనో, మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌తోనో కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. కిటికీ లేని ఇరుకు బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని ఆ పని చేసే మనిషికి దగ్గు, కళ్ల మంటతో పోతే అదృష్టమే. ఊపిరితిత్తులకే ముప్పు రావచ్చు. పైగా బ్లీచ్ వల్ల ఎలాస్టిక్, నీరు దిగని పొర త్వరగా పాడవుతాయి.

సరైన పద్ధతికి ఖరీదైన సరుకులేమీ అక్కర్లేదు. విప్పిన గుడ్డను విప్పినట్టే చన్నీళ్ల ధార కింద పెట్టి పిండాలి. వాసనలో పెద్ద భాగం ఇక్కడే పోతుంది. మలం ఉంటే ముందు దాన్ని మరుగుదొడ్డిలోకి వదలాలి. అప్పుడే ఉతికే వీలు లేకపోతే పిండిన గుడ్డను గాలి తగిలే చిల్లుల బుట్టలో వేయాలి తప్ప మూత బకెట్‌లో కుక్కకూడదు. ఉతికేటప్పుడు అర బకెట్ వేడి నీళ్లలో రెండు చెంచాల బట్టల సోడా గానీ, ఆక్సిజన్ బ్లీచ్‌గా అమ్మే సోడియం పర్‌కార్బొనేట్ పొడి గానీ కలిపి గంట సేపు నానబెట్టాలి. పర్‌కార్బొనేట్ వేడి నీళ్లలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను విడుదల చేసి వాసన పదార్థాలను విరగ్గొడుతుంది. చన్నీళ్లలో దాని ప్రభావం అంతంతే. చేతులకు రబ్బరు తొడుగులు తప్పనిసరి.

తర్వాత డిటర్జెంట్ పొడితో ఉతుకు. పొడి తక్కువైతే మురికి పోదు. ఎక్కువై జాడింపు చాలకపోతే పొడే మురికిగా మిగులుతుంది. నురగ పూర్తిగా పోయేదాకా జాడించాలి. గార వదలడానికి వారానికి ఒకటి రెండుసార్లు చివరి జాడింపులో అర కప్పు తెల్ల వెనిగర్ గానీ, ఒక చిన్న చెంచా నిమ్మ ఉప్పు గానీ వేయాలి. బోరు నీళ్ల ఇళ్లలో తేడా తెచ్చేది ఈ ఒక్క పనే. ఆ రోజు బ్లీచ్ సీసా దరిదాపుల్లో ఉండకూడదు. చివరగా ఎండ. పీల్చే పొరలను మడతలు విప్పి ఎండలో పూర్తిగా ఎండనివ్వాలి. నీరు దిగని పొరను మాత్రం నీడలోనే ఆరేయాలి, లేకపోతే పెళుసెక్కి చిట్లుతుంది. గుడ్డ నిజంగా శుభ్రపడిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఎండిన గుడ్డ మూల మీద కాసిని వేడి నీళ్లు చల్లి వాసన చూడాలి. అప్పుడూ ఏమీ రాకపోతే అది శుభ్రమైనట్టు.

వాషింగ్ మెషీన్ ఉన్న ఇంట్లోనూ ఇదే వరస. ముందు చన్నీళ్లతో ఒక విడత జాడింపు, ఆ తర్వాతే వేడి నీటి ఉతుకు. డ్రమ్ సగానికి మించి నింపకూడదు. వేడి ఎంత అన్నది కుట్టిన చీటీ మీద చూసుకోవాలి. బ్రిటన్ ఆసుపత్రుల లాండ్రీలు పాటించే ప్రమాణం 65 డిగ్రీల వద్ద 10 నిమిషాలు లేదా 71 డిగ్రీల వద్ద 3 నిమిషాలు. దుప్పట్లకు, నూలు గుడ్డలకు అది సరే. ఎలాస్టిక్ ఉన్న లోదుస్తులు అంత వేడికి ఆగకపోవచ్చు.

నిజానికి ఈ శాస్త్రం తెలుగు పల్లెలకు కొత్తది కాదు. చౌడు మన్ను నీళ్లలో ముంచి, బానలో ఆవిరికి ఉడికించి, బండకేసి బాది, ఏటి ఇసుక మీద ఎండబెట్టే రజకుల పద్ధతిలో క్షారం, వేడి, బాదుడు, ఎండ నాలుగూ ఉన్నాయి. పురిటి గుడ్డలు, ముట్టు గుడ్డలు, మంచాన పడ్డవారి గుడ్డలు తరతరాలుగా ఉతికింది ఆ ఆడవారి చేతులే. దానికి వారికి దక్కింది ఏడాదికిన్ని గింజలు, పైన మైల అన్న పేరు. ఆ కట్టుబాటు సడలడం మంచిదే. కానీ ఆ విద్యను గౌరవంగా తీసుకుని ఇళ్లకు చేర్చినవారు లేరు. మైల అన్న మాట మాత్రం మిగిలింది. ఇంటి పనికి వచ్చేవారితో జీతం మాట్లాడేటప్పుడు ఈ గుడ్డల ప్రస్తావన ఎవరూ తేరు. తర్వాత చెబితే వారు మానేస్తారు. వారిని తప్పుపట్టడానికి లేదు. తొడుగులు లేకుండా, అదనపు జీతం లేకుండా, చివరికి ఇదొక పని అని ఒప్పుకోవడం కూడా లేకుండా ఎవరు మాత్రం చేస్తారు?

ఇక మిగిలేది కోడలో, కూతురో, భార్యో. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికే వెచ్చిస్తే, పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 నిమిషాలు. ఐదేళ్లలో దేశం చాలా మారిందంటారు, ఈ తేడా మాత్రం ఒక్క నిమిషమే కదిలింది. ఈ లెక్కల్లో పెద్దల గుడ్డలు ఉతకడానికి విడిగా గడి లేదు. రాత్రి రెండింటికి లేచి పక్క మార్చిన మనిషి, పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేముందు ఆ గుడ్డలు పిండి దండెం మీద వేసిన మనిషి గణాంకాల్లో ఇంటి పని కింద కలిసిపోతుంది.

నీళ్ల సంగతి మరీ విచిత్రం. 2019లో ప్రారంభమైన జల్ జీవన్ మిషన్ గ్రామీణులకు తలకు రోజుకు 55 లీటర్ల చొప్పున ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. స్నానం, వంట, తాగడం, ఉతుకు అన్నీ అందులోనే. ఈ గుడ్డల్ని పైన చెప్పిన వరసలో ఉతికి జాడిస్తే రోజుకు నాలుగు బకెట్లు సునాయాసంగా ఖర్చవుతాయి. అంటే 60 లీటర్ల పైమాటే. ఆ పెద్దావిడ వాటా మొత్తం గుడ్డలకే పోయినా చాలదు. నగరాల్లో మరో బాధ. 2019లో చెన్నైలో, 2024లో బెంగళూరులో కుళాయిలు ఎండి ట్యాంకర్ల కోసం జనం బారులు తీరినప్పుడు, రెండోసారి జాడింపు మానేసిన ఇళ్లు ఎన్నో ఎవరూ లెక్కపెట్టలేదు. ఇక ఎండ ఉచితమే కానీ ఎండలో ఆరేసే చోటు ఉచితం కాదు. బాల్కనీలో బట్టలు కనిపిస్తే భవనం అందం చెడుతుందనే అపార్ట్‌మెంట్ సంఘాలున్నాయి. నలుగురూ చూస్తారని ఇంటివారే ఈ గుడ్డల్ని బాత్‌రూమ్‌లో, మంచం కింద, చీర చాటున ఆరేస్తారు. అలా సగం తడితో మడత పెట్టిన గుడ్డకు ముక్కిపోయిన వాసన అదనం.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని కాదు. వృద్ధుల జాతీయ విధానం 1999లో వచ్చింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం 2007లో, వృద్ధుల ఆరోగ్య సంరక్షణ జాతీయ కార్యక్రమం 2010-11లో వచ్చాయి. 70 ఏళ్లు దాటిన అందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ వర్తించేలా 2024 అక్టోబర్‌లో విస్తరించారు. అది ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే పథకం. ఈ సమస్య ఆసుపత్రిలో చేర్చేది కాదు, ఇంట్లో ఏళ్ల తరబడి నడిచేది. జీఎస్టీలో శానిటరీ నాప్‌కిన్లకు 2018 జూలైలోనే మినహాయింపు దక్కింది. డైపర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5కు తగ్గడానికి 2025 సెప్టెంబర్ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తగ్గింపు కొనగలవారికి ఊరట. గుడ్డ వాడేవారికి పన్ను రాయితీతో పని లేదు. వారికి కావాల్సింది ఒక కుళాయి, ఒక జత తొడుగులు, ఇంటికొచ్చి అరగంట కూర్చుని నేర్పే మనిషి.

అది అసాధ్యమేమీ కాదు. కేరళ 2008లోనే ఉపశమన సంరక్షణ విధానాన్ని ప్రకటించింది. స్థానిక సంస్థల ఆధ్వర్యంలో నర్సులు మంచాన పడ్డవారి ఇళ్లకు వెళ్లడం అక్కడ మామూలు విషయం. పుండు కట్టడం, పక్క మార్చడం, గొట్టం శుభ్రం చేయడం వంటివి ఇంటివారికి నేర్పడం ఆ పనిలో భాగం. మన ఊళ్లలోనూ ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు గుమ్మం దాకా వస్తూనే ఉన్నారు. బీపీ, చక్కెర అడుగుతున్నారు. మూత్రం ఆగుతోందా అన్న ఒక్క ప్రశ్న ఆ జాబితాలో చేరితే కొత్త పథకం కూడా అక్కర్లేదు.

ఆ ప్రశ్న గుడ్డల కోసం మాత్రమే కాదు. ఒక్కోసారి వాసన కబురు మోసుకొస్తుంది. ఉతుకు మారకపోయినా హఠాత్తుగా ఘాటు పెరిగితే, మంట, జ్వరం, అయోమయం తోడైతే మూత్రనాళ ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూపించుకోవాలి. మూత్రం ముదురు రంగులో చిక్కగా వస్తుంటే నీళ్లు చాలడం లేదన్నమాట. తడుస్తుందన్న భయంతో నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని మరింత రేపుతుంది, గుడ్డకు వాసనా ఎక్కువే పడుతుంది. పడుకునే ముందు తగ్గించుకోవడం వేరు, రోజంతా నోరు కట్టుకోవడం వేరు. తడి, అమ్మోనియా కలిసి చర్మాన్ని ఒరుస్తాయి, పుండ్లకు దారి తీస్తాయి. అందుకే గుడ్డ మార్చిన ప్రతిసారీ ఒంటిని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, తడి లేకుండా చూడటం ఉతుకుతో సమానమైన పని.

అంతకంటే ముఖ్యమైనది, ఇది వయసుతో వచ్చింది కాబట్టి భరించాల్సిందే అన్న మాట నిజం కాకపోవడం. దగ్గితే, తుమ్మితే కారిపోయే రకానికి కటి కండరాల వ్యాయామాలు పనిచేస్తాయి. అమెరికన్ స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ వాటిని 1948లోనే వివరించాడు. రూపాయి ఖర్చు లేదు, కూర్చున్న చోటే చేసుకోవచ్చు. ఆపుకోలేనంత తొందర పెట్టే రకానికి వేళ ప్రకారం మరుగుదొడ్డికి వెళ్లే అలవాటు, మందులు ఉన్నాయి. ప్రోస్టేట్‌కు చికిత్స ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల ఆలస్యమయ్యేవారికి మంచం పక్కన కుండీ కుర్చీ ఒకటి పెడితే సగం గుడ్డలు తగ్గుతాయి. వీటిలో ఏది ఎవరికి పనికొస్తుందో డాక్టర్ చెప్పాలి. డాక్టర్ చెప్పాలంటే ముందు ఎవరో ఒకరు నోరు తెరవాలి. ఏళ్ల తరబడి గుడ్డలు మార్చుకుంటూ ఒక్కసారి కూడా డాక్టర్‌తో అనని పెద్దలు ఎందరో. వెంట వెళ్లిన కొడుకు ముందు ఆ మాట ఎలా అనడం?

మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ నేరం ఆలస్యానిదే. గుడ్డ మార్చడంలో ఆలస్యమైతే చర్మం చెడుతుంది. పిండటంలో ఆలస్యమైతే అమ్మోనియా పుడుతుంది. డాక్టర్ దగ్గర నోరు విప్పడంలో ఆలస్యమైతే తగ్గే జబ్బు తగ్గకుండా ఉండిపోతుంది. వృద్ధుల దేశంగా మారబోతున్నామని తెలిసీ ఈ ఇళ్లకు నీళ్లు, చేతులు సమకూర్చడంలో జరుగుతున్న ఆలస్యం వీటన్నిటికంటే పెద్దది. అగరువత్తులు వీటిలో దేన్నీ తగ్గించలేవు.

ఉతుకు సరిగా సాగుతోందా అని తెలుసుకోవడానికి వేడి నీళ్ల పరీక్ష కాక ఇంకొకటి కూడా ఉంది. ఏదో ఒక మధ్యాహ్నం చుట్టాలు వచ్చి కూర్చున్నప్పుడు ఆ పెద్దావిడ తనంతట తానే ముందు గదిలోకి వచ్చి, వారి పక్కన కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు అడిగి తాగితే ఆ ఇంట్లో పని సరిగానే జరుగుతున్నట్టు.